మహారాజశ్రీ బుల్లి సూటు గారి సముఖమునకు

ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నుంచి ఒక పదేళ్ల పిల్లాడి తండ్రి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా మా బట్టల అలమరలో, మావాడి రెయిన్‌కోటు పక్కన, తీగ హ్యాంగరుకి వేలాడుతూ క్షేమంగానే ఉన్నారు, ఒక్క కుడి చంక తప్ప. ఆ సంగతి చివర్లో మనవి చేసుకుంటాను.

మన పరిచయం మూడు వారాల నాటిది. మా ఊరి చివర ఒక పెద్దాయన ఇంట్లో ఎస్టేట్ సేల్ పెట్టారు. ఇక్కడ పెద్దవాళ్లు పోయాక, ఇల్లు ఖాళీ చెయ్యడానికి చెంచాల దగ్గర్నుంచి బీరువాల దాకా అన్నిటికీ ధర చీటీలు అంటించి తలుపులు బార్లా తీసేస్తారు. పోయినాయన మంచం పక్కనే నిలబడి ఆయన గడియారం బేరమాడొచ్చు. మొదట్లో నాకు ప్రాణం చివుక్కుమనేది. ఇప్పుడు శనివారం పొద్దున్నే కాఫీ ఫ్లాస్కుతో బయల్దేరుతున్నాను. తమరి మెడకి పిన్నీసుతో గుచ్చిన చీటీ మీద 6 డాలర్లని ఉంది. "మా నాన్నది. చిన్నప్పుడు ఈస్టర్‌కి కొన్నారట, యాభైల్లో" అంది ఆ పెద్దాయన కూతురు. డెబ్భై ఏళ్లు దాచుకున్నాడంటే ఇష్టమై దాచుకున్నాడో, పగబట్టి దాచుకున్నాడో ఇక తెలిసే దారి లేదు.

ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచి చూశాను. బూడిద రంగు ఉన్ని. చెయ్యి పెట్టి రాస్తే రెండు రోజుల గడ్డంలా గుచ్చుకుంది. కోటుకి లోపల నున్నటి అస్తరు ఉంది. ప్యాంటుకి లేదు. కోటు లోపల ఎలాగూ చొక్కా ఉంటుంది, అస్తరు లేకపోయినా గడిచిపోతుంది, అయినా వేశారు. వట్టి తొడలకి తగిలే ప్యాంటుకి కావాలి, వెయ్యలేదు. ఒక్క ఈ విషయంలోనే తమరి మనసు నాకు సగం అర్థమైంది.

ప్యాంటు కాళ్ల చివర రెండు గీతలు. ఒకటి మొదటిసారి మడిచి కుట్టిన చోట, దానికి అంగుళమున్నర కింద ఇంకోటి. పిల్లాడు పెరిగినప్పుడల్లా వాళ్లమ్మ కుట్టు విప్పి అంచు దించిందన్నమాట. ఆ గీతలు ఎన్ని ఇస్త్రీలు చేసినా పోవు. మా ఇంట్లో వంటింటి గుమ్మానికి పెన్సిలుతో గీసిన మావాడి ఎత్తు గీతలున్నాయి. తమరి కాళ్ల మీద ఉన్నవీ అవే. మోకాళ్ల దగ్గర చిరుగు కనబడకుండా అదే రంగు దారంతో అల్లిన గుర్తులు. ఇక జేబులు. వేలు పెట్టబోతే వెళ్లలేదు. కొత్త కోటు జేబులు సాగిపోకుండా కుట్టి పంపడం దుకాణాల అలవాటే, ఇంటికి తెచ్చాక విప్పుకోవాలి. వీటిని ఎవరూ విప్పలేదు. తొమ్మిది, పదేళ్ల పిల్లాడికి జేబులు కుట్టేసిన కోటు తొడిగి గుడికి, సారీ, చర్చికి పంపడమంటే కుక్కపిల్లకి తోక కట్టేసి "సంతోషంగా ఉండు" అన్నట్టే.

అయినా ఎందుకు కొన్నావయ్యా అంటారా? మావాడి నాలుగో తరగతిలో వ్యాక్స్ మ్యూజియం పెట్టారు. పిల్లలు ఎవరో ఒక గొప్పవాళ్ల వేషం వేసుకుని మైనపు బొమ్మల్లా కదలకుండా నిలబడాలి. కాళ్ల దగ్గర ఎర్ర కాయితం బొత్తాం ఒకటి ఉంటుంది. మనం దాన్ని తొక్కితే ప్రాణం వచ్చి తన గురించి చెప్పుకుంటారు, అయిపోగానే మళ్లీ బిగుసుకుపోతారు. మావాడు ఓర్విల్ రైట్‌ని ఎంచుకున్నాడు. మా రాష్ట్రంలో డేటన్ ఆయన సొంతూరు, అందుకని ఒహాయో పిల్లలకి రైట్ సోదరులంటే మేనమామలంత చనువు. 1903 డిసెంబరు 17న కిటీ హాక్ ఇసకలో విమానం లేచినప్పటి ఫొటో చూడండి. పక్కన పరిగెత్తుకొచ్చిన విల్బర్ ఒంటి మీద సూటే. ఆకాశంలోకి ఎగరడానికైనా సరే, తమరు లేనిదే మగాడు గడప దాటకూడదన్నమాట.

ఈ మూడు వారాల్లో రాత్రిళ్లు తమరి వంశచరిత్ర కొంత తిరగేశాను. చదివేకొద్దీ నాకు ఒకటే తోచింది. తమరు పిల్లల కోసం పుట్టలేదు. ఫొటో కోసం పుట్టారు.

1884లో తీసిన ఒక ఫొటోలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉన్నాడు. అవును, తర్వాత నాలుగుసార్లు అధ్యక్షుడిగా గెలిచినాయనే. రెండున్నరేళ్ల వయసులో తెల్ల గౌను, పొడుగు జుట్టు, ఈకల టోపీ. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఆ రోజుల్లో ఆడపిల్లకీ మగపిల్లాడికీ కొన్నేళ్లు వచ్చేదాకా గౌన్లే. లంగోటీ మార్చడం సులువు, అంచు మడిచి కుడితే రెండేళ్లు లాగొచ్చు, కాళ్లకి గాలి తగులుతుంది. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా లేకపోయేది. గౌను తర్వాత తమరు దిగారు.

దిగినవారు ఒక్కసారిగా దిగారా? లేదు, మెట్లు పెట్టుకుని దిగారు. ముందు పొట్టి లాగు, తర్వాత మోకాలి కింద బిగించే నిక్కరు, ఎప్పటికో పొడుగు ప్యాంటు. కుర్రాడి వయసు పుట్టినరోజుతో కాదు, కాళ్లు ఎంతవరకు కప్పారో చూసి లెక్కపెట్టేవాళ్లు. మొదటిసారి పొడుగు ప్యాంటు వేసుకున్న రోజు వాడికి పండగ. ఇది చదివినప్పుడు నేను నవ్వబోయి ఆగిపోయాను, ఎందుకంటే పోయిన వేసవిలోనే ఇక్కడి మా స్నేహితుల ఇంట్లో పంచెల ఫంక్షన్‌కి వెళ్లొచ్చాను. పట్టుపంచె జారిపోతుందేమోనని లోపల బెల్టు పెట్టుకుని, ఫొటోగ్రాఫర్ చెప్పిన వైపల్లా తిరిగిన ఆ కుర్రాడి మొహం ఇంకా గుర్తుంది.

నిక్కరు అన్నాను కదా, ఆ మాటే తమరి పుట్టింటిదని తెలిశాక నాకు కాసేపు మతి పోయింది. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే ఆయన న్యూయార్కు చరిత్రని వెటకారంగా రాసి, నికర్‌బాకర్ అనే డచ్చి పేరు పెట్టుకుని అచ్చు వేయించాడు. ఆ పేరు న్యూయార్కులోని పాత డచ్చి కుటుంబాలకి అంటుకుంది. తర్వాత వాళ్ల తాతలు తొడుక్కున్నారన్న బుడగ లాగులకి అంటుకుంది. అక్కణ్ణించి ఇంగ్లీషువాళ్ల నోట పడి, అరిగి, మన దాకా వచ్చేసరికి నిక్కరైంది. ఐదో తరగతిలో నా నిక్కరు వెనక చిరిగిన రోజున ఇదంతా న్యూయార్కు సాహిత్య వారసత్వమని తెలిసుంటే, పలక అడ్డం పెట్టుకోకుండా హుందాగా నడిచొచ్చేవాణ్ణి.

ఇక్కడి పిల్లల నిక్కర్ల బాధలు వేరు. కార్డరాయ్ గుడ్డతో కుట్టిన నిక్కరు వేసుకుని నడిస్తే రెండు తొడలూ రాసుకుని జుయ్ జుయ్‌మని ఈల వేసేదట. పక్కింటివాళ్ల చెట్టు మీద కాయలు కొయ్యడానికి పిల్లిలా వెళ్లే అవకాశమే లేదు, ముందే సైరన్. మేజోళ్లు నిలబడవు, జారి చీలమండ దగ్గర కుప్ప పడతాయి. ఇంకో తమాషా, దుకాణాలవాళ్లు ఒక కోటుకి రెండు లాగులు జతచేసి అమ్మేవాళ్లు, అదే గొప్పగా ప్రకటనలు వేసుకునేవాళ్లు. పిల్లలు దేకుతారు, పాకుతారు, పడతారు, మోకాళ్లు ముందు పోతాయి అని వాళ్లకి తెలుసు. తెలిసి కూడా దేకడానికి పనికొచ్చే బట్ట కుట్టాలని తోచలేదు, దేకకూడని బట్టే రెండు జతలు కుట్టారు. కాస్త బొద్దుగా ఉన్న పిల్లాడికైతే సియర్స్ కేటలాగులో వేరే సైజు ఉండేది, పేరు 'హస్కీ'. మర్యాదగా పెట్టిన పేరే. కానీ దుకాణంలో నలుగురి మధ్య అమ్మ గట్టిగా "హస్కీ ఎక్కడున్నాయండీ?" అని అడిగినప్పుడు ఆ మర్యాద ఏ మూలకి సరిపోతుంది?

సరే, అసలు ఫిర్యాదుకి వస్తాను. 1882లో ఆస్కార్ వైల్డ్ అనే రచయిత ముఖమల్ కోటు, మోకాళ్ల దాకా లాగు, పట్టు మేజోళ్లతో అమెరికా అంతా ఉపన్యాసాలిస్తూ తిరిగాడు. పత్రికలు కడుపు పట్టుకుని నవ్వాయి. నాలుగేళ్లకి ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసిన 'లిటిల్ లార్డ్ ఫాంట్‌లరాయ్' పుస్తకంగా వచ్చింది. న్యూయార్కులో పెరుగుతున్న ఒక పిల్లాడికి తను ఇంగ్లండులో ఒక ప్రభువుకి వారసుణ్ణని తెలుస్తుంది, అదీ కథ. కథ సంగతి పక్కన పెట్టండి, దానికి రెజినాల్డ్ బర్చ్ గీసిన బొమ్మలు కొంప ముంచాయి. నల్ల ముఖమల్ సూటు, భుజాల నిండా లేసు కాలరు, ఉంగరాల జుట్టు. నిన్న వైల్డ్ ఒంటి మీద చూసి నవ్విన వేషమే ఏడేళ్లవాడి ఒంటి మీద చూసి తల్లులు కళ్లు ఒత్తుకున్నారు. నవ్విన నాపచేనే పండింది. కోత మాత్రం మగపిల్లల మెడ మీద పడింది.

దేశమంతా కుట్టుమిషన్లు మోగాయి. తండ్రికి కొట్టుందో కొలిముందో, కొడుక్కి మాత్రం ప్రభువు సూటు. పై పటారం, లోన లొటారం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ముఖమల్ ఉతకడానికి లేదు, వానలో తడవడానికి లేదు, మట్టిలో కూర్చోవడానికి అసలే లేదు. కూర్చోడానికి లేని బట్టలో పిల్లాడు ఏం చెయ్యగలడు? నిలబడగలడు. నిలబడితే ఏం చెయ్యొచ్చు? ఫొటో తియ్యొచ్చు. పాత సామాన్ల దుకాణాల్లో అట్ట ఫొటోలు డబ్బాల్లో పోసి అమ్ముతుంటారు. ఆ డబ్బాలో చెయ్యి పెడితే ఈ ముఖమల్ పిల్లలు తగులుతూనే ఉంటారు. ఒక్కడూ నవ్వడు.

బర్చ్ బొమ్మలకి నమూనా రచయిత్రి రెండో కొడుకు వివియన్. ఫాంట్‌లరాయ్ అన్న పేరు ఆయన్ని చచ్చేదాకా వదల్లేదు. ఉత్తినే అనడం లేదు. 1937లో, 61 ఏళ్ల వయసులో, తన పడవలో వెళుతూ బోల్తాపడిన ఇంకో పడవలోవాళ్లని కాపాడి, అక్కడే గుండె ఆగి పోయాడు. మునిగిపోయేవాళ్లని కాపాడి చచ్చిపోయిన మనిషిని పత్రికలు ఏమని తలుచుకున్నాయంటే, అసలు సిసలు ఫాంట్‌లరాయ్ అని. ముఖమల్ కోటు చిన్నప్పుడెప్పుడో వదిలేశాడు, కోటే ఆయన్ని వదల్లేదు.

ఇక్కడి నుంచి ఈ 'తమరు', 'గారు' నా వల్ల కాదు. ఏకవచనంలోకి దిగుతున్నాను, ఏమీ అనుకోకు.

నిన్ను ఎవరు కుట్టారో ఎప్పుడైనా అడిగావా? 1890లో జేకబ్ రీస్ న్యూయార్కు పేదల ఇళ్ల మీద వేసిన పుస్తకంలో లడ్లో వీధిలోని ఒక గది ఉంది. ఇరుకు గదిలో మిషన్లు, గుడ్డల కుప్పలు, వాటి మధ్య మనుషులు. కింద రాసిన మాట: మోకాలి లాగులు, డజను 45 సెంట్లు. ఇంకో ఫొటోలో ఒక కుర్రాడు బట్టలకి మిగిలిన దారాలు లాగుతుంటాడు. వాడికి పదహారేళ్లని ప్రమాణపత్రం ఉంది. గట్టిగా అడిగితే పన్నెండని ఒప్పుకున్నాడు. నిన్ను తొడుక్కుని ఫొటోకి నిలబడినవాడిదీ, నీ దారాలు లాగినవాడిదీ దాదాపు ఒకటే ఈడు. ఒకడు వయసు తక్కువని పొడుగు ప్యాంటుకి నోచుకోలేదు, ఇంకొకడు వయసు ఎక్కువని రాయిస్తే గానీ కూడుకి నోచుకోలేదు.

1911 జనవరిలో పెన్సిల్వేనియాలోని పిట్‌స్టన్‌లో లూయిస్ హైన్ తీసిన ఫొటోలు కూడా చూశాను. బొగ్గులోంచి రాళ్లు ఏరే పిల్లలు. అక్కడా ఉన్నావు నువ్వు. మసిగొట్టుకుపోయిన కోటు, తల మీద టోపీ, మొహంలో కళ్లొక్కటే తెల్లగా. పెద్దవాళ్ల పని చేసేవాళ్లు కాబట్టి పెద్దవాళ్ల కోటు. అక్కడ మాత్రం నీ కాలరు నలిగిందని ఎవరూ గోల పెట్టలేదు.

ఇంత తిట్టాక ఒక ఫొటో దగ్గర నా నోరు మూతపడింది. చెప్పకపోతే అన్యాయమవుతుంది, అందుకని మళ్లీ 'మీరు'లోకి వస్తున్నాను. 1941 ఏప్రిల్, షికాగో దక్షిణ భాగం, ఈస్టర్ ఉదయం. రసెల్ లీ తీశాడు. ఐదుగురు నల్లజాతి పిల్లలు సూట్లు, టోపీలు పెట్టుకుని ఒక కారుని ఆనుకుని, కారెక్కి, కెమెరా వంక చూస్తుంటారు. ఆ చూపులో బెరుకు లేదు. ఊళ్లో ఎక్కడ ఇల్లు అద్దెకి దొరుకుతుందో, ఎక్కడ దొరకదో రంగుని బట్టి నిర్ణయమయ్యే రోజులవి. ఆ పొద్దున వాళ్లమ్మలు ఎన్ని గంటలకి లేచి ఇస్త్రీ పెట్టెలు వేడి చేశారో. ఆ ఫొటోలో మీరు కుర్రాళ్లని తొడుక్కోలేదు, కుర్రాళ్లే మిమ్మల్ని తొడుక్కున్నారు. ఎవరు ఎన్నన్నా ఈ కోటు మాది, ఈ పండగ మాది అన్నట్టు కూర్చున్నారు. నా సిద్ధాంతానికి ఈ ఫొటో ఎంతమాత్రం లొంగలేదు. దాచేస్తే మీరు చూడరు కదా అని కూడా అనుకున్నాను.

ఇంకోటి కూడా ఉంది. 1963 నవంబరు 25, వాషింగ్టన్. హత్యకి గురైన అధ్యక్షుడు జాన్ కెన్నెడీ పసికొడుకు తండ్రి శవపేటికకి సెల్యూట్ చేసిన ఫొటో. ఆ రోజు వాడికి మూడో పుట్టినరోజు. అందరూ ఆ చెయ్యి చూస్తారు. ఒక్కసారి కింద చూడండి. పొట్టి కోటు, నవంబరు చివర చలి, వట్టి మోకాళ్లు.

ఆ తర్వాత మీ కథ త్వరగానే ముగిసింది. 1955 నాటికే పిల్లలు టీవీలో వచ్చిన అడవి వీరుడు డేవీ క్రాకెట్ మోజులో పడి రకూన్ తోక టోపీ కావాలని ఏడవడం మొదలెట్టారు. ఈస్టర్‌కి మాత్రం క్లిప్పు బో టైతో మీరు ఇంకొన్నాళ్లు లాగారు. డెబ్భైల్లో పాలియెస్టర్‌లో పునర్జన్మ ఎత్తారు, గళ్ల కోటు, ఏనుగు చెవుల కాలరు, ఏనుగు కాళ్ల ప్యాంటు. అప్పటి ఫొటోలు ఇక్కడివాళ్లు పెళ్లిళ్లలో తెర మీద వేసి పెళ్లికొడుకు తండ్రిని ఏడిపిస్తుంటారు. ఇప్పుడు వేల కోట్ల కంపెనీల అధిపతులు హుడీ వేసుకుని ఆఫీసుకి వస్తున్నారు. నాకూ టీషర్టులో పనికెళ్లే ఉద్యోగమే. మా మేనేజరుని టైతో చూసింది ఒక్కసారే, ఆ రోజు ఆయన ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకి వెళుతున్నాడు.

ఇంతకీ మిమ్మల్ని తిట్టే అర్హత నాకుందా? పదో తరగతి హాల్ టికెట్ ఫొటో కోసం మా ఊరి స్టూడియోకి వెళ్తే, అక్కడ మేకుకి ఒక నల్ల కోటు, ముందే ముడి వేసిన ఎర్ర టై తగిలించి ఉండేవి. ఊరందరికీ అదే కోటు. నాకు పెద్దదైతే వెనక మూడు బట్టల క్లిప్పులు పెట్టి బిగించాడు. నడుము కింద నిక్కరే, ఫొటోలో పడదు కదా. ఆ ఫొటోని మా నాన్న పెద్దది చేయించి హాల్లో తగిలించారు. చూసినవాళ్లంతా "అచ్చం దొరలా ఉన్నాడు" అనేవారు. వెనక క్లిప్పుల సంగతి నాకూ స్టూడియో ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

ఇక చంక విషయం.

మొన్న శుక్రవారం బడి జిమ్ములో మ్యూజియం పెట్టారు. మావాడు తమరిని తొడుక్కుని, మా ఆవిడ ఐబ్రో పెన్సిలుతో గీసిన మీసంతో, రాతి బొమ్మలా నిలబడ్డాడు. ఉన్ని గుచ్చుకుంటోందని లోపల పైజమా వేసుకున్నాడు, ఆ తెలివి ఎవరికీ నేర్పక్కర్లేదు. పక్కన అబ్రహాం లింకన్ తుమ్మాడు. అటుపక్క అమీలియా ఎర్‌హార్ట్ మొహం గోక్కుంది. మావాడు మాత్రం కదల్లేదు. చెప్పొద్దూ, వాడలా బిగుసుకుపోయి, ఇస్త్రీ చెడకుండా, బుద్ధిమంతుడిలా నిలబడితే నాకు లోపల్లోపల మహా ఆనందంగా ఉంది. నలభై ఫొటోలు తీశాను.

అప్పుడొక ఐదేళ్ల పిల్ల వచ్చి ఎర్ర బొత్తాం మీద రెండు కాళ్లతో ఎగిరి దూకింది. మావాడికి ప్రాణం వచ్చింది. "నేను ఓర్విల్ రైట్‌ని. మొదటిసారి మేము ఆకాశంలో ఉన్నది పన్నెండు సెకన్లే" అంటూ రెక్కలు చూపించడానికి రెండు చేతులూ బార్లా చాచాడు. పర్‌ర్‌మని వినపడింది. డెబ్భై ఏళ్ల నాటి కుట్టు, ఎవరూ అలా చెయ్యి చాపి ఎరగరేమో, చంక నుంచి నడుము దాకా పోయింది. లోపలి అస్తరు బయటకి వేలాడింది. పిల్లలంతా గొల్లుమన్నారు. మావాడు ఒకసారి వంగి చూసుకుని, "విమానం కూడా ఆ రోజు చివర్లో ఇలాగే విరిగింది" అని కొనసాగించాడు. నిజమే. నాలుగోసారి ఎగిరాక గాలికి దొర్లి విరిగింది. నేను ఇంటికొచ్చి సరిచూసుకున్నాను.

టైలరు దగ్గరికి తీసుకెళ్తే 30 డాలర్లు అడిగాడు. తమరిని కొన్నదే ఆరుకి. అందుకని ఈ ఆదివారం నేనే సూది పట్టుకుని కూర్చుంటాను. బూడిద రంగు దారం దొరకలేదు, నీలంతో సర్దుకోవాలి. జేబుల కుట్లు మాత్రం మావాడు ఆ రాత్రే గోళ్లు కత్తిరించుకునే కత్తెరతో విప్పేశాడు, ఆ పాపం నాది కాదు. ఎడమ జేబులో ప్రస్తుతం రెండు గులకరాళ్లు, ఒక రబ్బరు బ్యాండు, చుట్టుకాయితం లేని చూయింగ్ గమ్ ముక్క ఉన్నాయి. ఆ గమ్ ఎలా వదిలించాలో తమరికేమైనా తెలిస్తే తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
నీలం దారంవాడు